ముందు సీట్లో గురువమ్మక్క

మొన్న విరుదునగర్ బజారులో, పప్పుల అంగళ్ల వీధిలో నడుస్తున్నాను. చేతిలో సంచీ, సంచీలో కందిపప్పు, నువ్వుల నూనె. ఎదుట ఒక చిన్న లారీ వీధికి అడ్డంగా నిలబడి మిరపకాయ బస్తాలు దించుతోంది. సరిగ్గా అప్పుడు నా నడుము వెనక హారన్ మోగింది. మోగి ఆగితే బాగుండేది. ఆగలేదు. లారీకి బిగించాల్సిన హారన్‌ను మోటారు సైకిలుకు బిగించుకున్న కుర్రాడెవడో దాని మీద బొటనవేలు పెట్టి మరిచిపోయాడు. ఆ మోత చెవిలోంచి దవడలోకి, దవడలోంచి పళ్లలోకి దిగింది. నేనెక్కడికి జరగాలి? బస్తాల మీదికెక్కాలా? తిరిగి చూశాను. వాడు నన్ను చూడడం లేదు, లారీనీ చూడడం లేదు. కుడిచేతిలోని ఫోను చూసుకుంటున్నాడు. తాను హారన్ కొడుతున్న సంగతే వాడికి తెలియదు.

నాకు కోపం వచ్చింది. ఆ కోపం వెనకే, ఎప్పుడూ వచ్చినట్టే, గురువమ్మక్క గుర్తుకు వచ్చింది. ఆమె మీకెవరికీ తెలియదు. తమిళనాట కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్లు దాటితే ఆమె పేరు తెలిసినవాళ్లు ఉండరు. ఆమె జన్మలో స్టీరింగు పట్టుకోలేదు, సైకిలు కూడా తొక్కలేదు. అయినా బండి ఎలా నడపాలో నాకు నేర్పింది ఆమే.

ఆమె దగ్గరికి వచ్చేనాటికి నేను లారీ మీద దేశం తిరిగినవాణ్ణి. మా ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది అరవం, అది కూడా మూడో తరగతితో సరి. తెలుగు అక్షరాలు మాత్రం గుంటూరులో మిరపకాయల లోడు కోసం కాచుకున్న రోజుల్లో, అంగళ్ల బోర్డులు చూసీ, బజ్జీలు కట్టిచ్చిన కాగితాలు చూసీ నాకు నేనే కూడబలుక్కున్నాను. ఈ మాత్రం రాయగలుగుతున్నానంటే ఆ బజ్జీల పుణ్యమే. అవే రోడ్ల మీద నేర్చుకున్న మిగతా విద్యలు అంత గొప్పవి కావు. ఏ ఊరి రోడ్డుకు ఆ ఊరి రోగం ఉంది. గుంటూరులో బండివాడు నడిరోడ్డులో ఆపి, ఎదురొచ్చే బండివాడితో పెళ్లి సంబంధం మాట్లాడతాడు. శుభలేఖలు అచ్చయ్యేదాకా వెనకవాళ్లు ఆగాలి. హైదరాబాదులో రాంగ్ రూట్లో వచ్చినవాడే సరిగ్గా వస్తున్నవాణ్ణి కళ్లు కనబడవా అని అడుగుతాడు. మద్రాసు ఆటోవాడు సిగ్నలు చేత్తో కాదు, కాలి బొటనవేలితో ఇస్తాడు. వేలు ఎటు చూపితే అటు తిరుగుతాడని నమ్మినవాడు ఆస్పత్రిలో తేలతాడు. బెంగుళూరులో ఎర్రలైటును చూసి హారన్ కొడతారు, అదేదో అడ్డం నిలబడ్డ ఎద్దయినట్టు. మదురైలో ఎవరైనా తల గోక్కోవడానికి చెయ్యెత్తితే చాలు, షేర్ ఆటో ఉన్నచోటే ఆగిపోతుంది. మా కోవిల్‌పట్టి ఏమీ తీసిపోలేదు. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించి, మెడ వంకర పెట్టి, కాళ్ల మధ్య గ్యాసు సిలిండరు నిలబెట్టుకుని పోయే మహానుభావులను నేను వేరే ఏ ఊళ్లోనూ చూడలేదు.

ఒక్కో ఊరి నుంచి ఒక్కో విద్య మూటగట్టుకుని తిరిగి వచ్చాను. లారీ యజమాని లారీ అమ్ముకున్నాడు. నేను కోవిల్‌పట్టిలో ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వ్యానుకు డ్రైవరుగా చేరాను. మావైపు దాన్ని ఫ్యాక్టరీ అనరు, ఆపీసు అంటారు. తెల్లవారకముందే ఊళ్లకు పోయి పనిచేసే ఆడవాళ్లను ఎక్కించుకు రావాలి, సాయంత్రం మళ్లీ దించి రావాలి. ఆ ఆడవాళ్లను కూర్చే ఏజెంటు గురువమ్మక్క. మనిషి పొడుగు, చామనఛాయ, సాగిన చెవితమ్మెలు, నోట్లో ఎప్పుడూ తమలపాకు. ఆ ఊళ్లలో పెళ్లయిన పిల్లనో పెళ్లికాని పిల్లనో ఆపీసుకు పంపాలంటే ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోవాలి. దీపం పెట్టే వేళకు నీ బిడ్డను నీ గడపలో దించుతాను అని గురువమ్మక్క వాకిట్లో నిలబడి మాటిస్తేనే ఒప్పుకునేవారు. అందుకే ముందు సీటు ఆమెది. డ్రైవరు మారినా ఆ సీటు మారేది కాదు.

మొదటిరోజు నేను ఊరి మొదట్లో వ్యాను ఆపి, లారీ అలవాటు కొద్దీ గట్టిగా హారన్ కొట్టాను. కుక్కలు లేచాయి, కోళ్లు లేచాయి, తర్వాత గురువమ్మక్క వచ్చింది. పరుగున రాలేదు. నింపాదిగా నడిచి వచ్చి, కిటికీ మీద చెయ్యి వేసి నన్ను కాసేపు చూసింది.

"ఊళ్లోకొచ్చి కూసేదానికి నువ్వేమి రైలా తంబీ?" అంది.

ఆడవాళ్లు లేవద్దా అన్నాను.

"ఆ మూలింట్లో పచ్చి బాలింత ఉండాది. ఈ పక్కింటి తాత రాతిరంతా దగ్గి దగ్గి ఇప్పుడే నిద్దరపోయినాడు. నీకు కావాల్సింది ఆపీసుకొచ్చే ఆడపుళ్ళలే గదా, ఊరంతా ఎందుకు లేపతావు? హారనంటే నోరు. నోరుండాది గదాని దినమంతా అరస్తామా?"

మరునాటి నుంచి ఊరి బయటే ఇంజను ఆపాలి. ఆమె ఒక్కో ఇంటి ముందుకూ పోయి తలుపు మీద వేలితో రెండు దెబ్బలు కొట్టేది. ఆడవాళ్లు టిఫిను క్యారియర్లు పట్టుకుని, చెప్పులు చప్పుడు కాకుండా నడిచి వచ్చి ఎక్కేవారు. లారీవాడికి ఇదంతా దొంగతనానికి పోతున్నట్టు ఉండేది.

అలా నేను తెచ్చుకున్న విద్యలన్నీ ఆమె ఒకటొకటిగా ఊడబీకింది. ఎదురు బండి వస్తే లైటు దించాలి. వాడు దించకపోయినా మనం దించాలి. నీళ్లు నిలిచిన గుంట పక్కన మనిషి ఉంటే బండి నడకకు రావాలి. పాడె ఎదురైతే ఓరకు ఆపి ఇంజను కట్టెయ్యాలి. అది ఎవరి పాడె అయినా సరే. ఇవేవీ ఆమె పాఠంలా చెప్పలేదు. నేను తప్పు చేసినప్పుడు సీట్లో కొంచెం కదిలేది. ఆ కదలికకే నా కాలు బ్రేకు మీదికి పోయేది.

రైలు గేటు సంగతి మాత్రం చెప్పాలి, ఎందుకంటే అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దేశమంతటా చూశాను, గేటు పడితే చాలు, వెనక వచ్చిన ప్రతివాడూ కుడిపక్కకు దూరి ముందుకు పోయి నిలబడతాడు. అవతలి వైపున కూడా అలాంటివాళ్లే నిలబడతారు. గేటు లేచేసరికి రెండు సైన్యాలు ఎదురెదురుగా ఉంటాయి. రైలుకు పట్టిన సమయం కంటే వీళ్లు విడిపోవడానికి పట్టే సమయం ఎక్కువ. నేనూ ఒకరోజు అలాగే స్టీరింగు కుడికి తిప్పాను. గురువమ్మక్క కదలలేదు. ముందున్న ఎద్దులబండి వైపు గడ్డం ఎత్తి చూపించింది.

"ఆ బండి తోలేది ఎవరో తెలుసునా?"

తెలియదన్నాను.

"నాకూ తెలీదు. నీకు మేనమామ అనుకో. మేనమామను తోసుకోని పోయి ముందర నిలబడతావా?"

వెనక కూర్చున్న ఆడవాళ్లు నవ్వారు. ఎవరో, మేనమామైతే కూతురు ఉండాదా అని కూడా అడగమన్నారు. నాకు అప్పటికి పెళ్లికాలేదు. స్టీరింగు ఎడమకు తిప్పి ఎద్దులబండి వెనక నిలబడ్డాను. నిజం చెప్పాలంటే, అక్కడ ఊపిరి ఆడింది. తోసుకుపోయేవాడి కాళ్లు ఎప్పుడూ పెడళ్ల మీదే ఉండాలి. నిలబడినవాడు కాళ్లు చాపుకోవచ్చు. ఈ సంగతి నాకు ఏ ఊరూ చెప్పలేదు.

ఇలా హాయిగా పోతున్న రోజుల్లో మాకు పోటీ వచ్చింది. పక్క ఆపీసువాళ్లు అవే ఊళ్లకు కొత్త వ్యాను పంపించారు. దాని డ్రైవరు సెల్వం మద్రాసు నుంచి వచ్చినవాడు. వ్యానులో పాటలు, కిటికీలకు పూసల తెరలు. మాకంటే ఆలస్యంగా బయల్దేరి మాకంటే ముందు చేరేవాడు. ఆ ఆపీసుల్లో పని ఏమిటంటే అగ్గిపుల్లలను చట్రాల్లో పేర్చడం. ఎన్ని చట్రాలు పేరిస్తే అంత కూలి. ముందు పోయినవాళ్లకు వెలుతురున్న చోటు, ఎండిన మంచి పుల్లలు దొరుకుతాయి. వెనక పోయినవాళ్లకు మిగిలినవే. మా వ్యానులోంచి ఒకామె అటు పోయింది, తర్వాత ఆమె తోడికోడలు, తర్వాత వాళ్ల పక్కింటివాళ్లు. చివరకు మేరీ కూడా పోతానంది. కూలి కుటుంబం పిల్ల, చేతివేగంలో ఆపీసుకంతా మొదటిది, నోటివేగంలో కూడా. పోతూ పోతూ దాచుకోకుండా చెప్పింది.

"అక్కా, నీ మరియాద మా కూలిని తింటాండాది."

ఆ వారంలోనే మా మేనేజరు గురువమ్మక్కను పిలిపించాడు. వ్యాను సగం ఖాళీగా వస్తోందనీ, పంటల నెల దాటేలోపు నిండకపోతే ఈ దారిలో వ్యాను మానేస్తామనీ చెప్పాడు. మానేస్తే నేను ఇంకో స్టీరింగు వెతుక్కుంటాను. ఆమె ఏం చేస్తుంది? ఇంటింటి ముందూ నిలబడి ఇచ్చిన మాట తప్ప ఆమెకు ఇంకో బతుకుతెరువు లేదు. ఆ మాట వినేవాళ్లు లేకపోతే ఆమె ఆ ఊళ్లలో ఎవరూ కాదు.

అప్పుడు నేను, కొంచెం తొక్కుతాను అక్కా, ఒక్కసారి వాడి ముందు పోయి చూపిస్తాను అన్నాను. మరునాడు పొద్దున ఆమె ఎక్కుతూ, శరి, తొక్కు అంది. తొక్కాను. మద్రాసు, బెంగుళూరు, మదురై అన్నీ ఒక్కసారిగా నా కాళ్లలోకి వచ్చేశాయి. సెల్వం వ్యానును ఏటి వంతెన దగ్గర దాటాను. వెనక ఉన్న కొద్దిమంది ఈల వేసినంత పని చేశారు. వంతెన దిగగానే ఎదురుగా పాలక్యాన్లతో సైకిలు మీద ఒకాయన వస్తున్నాడు. మమ్మల్ని చూసి సైకిలుతో సహా రోడ్డు దిగిపోయాడు. పడలేదు, పాలూ ఒలకలేదు. ముళ్లకంపల్లో నిలబడి మా దుమ్ములోంచి చూశాడంతే. గురువమ్మక్క పక్క అద్దంలో ఆయన్ని కనబడినంతసేపూ చూసింది. ఆపీసు దగ్గర దిగి, "ఇంక వద్దు తంబీ. పోతే పోనీ," అంది. తిట్టినా నాకు అంత బాధ ఉండేది కాదు.

మినుము పంట రోడ్డెక్కింది ఆ తర్వాతే. నల్లరేగడిలో వేరే కళ్లం ఉండదు, రోడ్డే కళ్లం. పీకిన మినుము చెట్లను తారు మీద పరిచి పెడతారు. వచ్చిపోయే బండ్ల చక్రాల కింద కాయ పగిలి గింజ రాలుతుంది. దీనికి మావైపు అందరికీ తెలిసిన మర్యాద ఒకటుంది. మినుము పరిస్తే దాని మీదుగానే మెల్లగా పోవాలి, మిరపకాయ ఆరబోస్తే పక్కగా పోవాలి. ఇప్పుడు నాలుగు వరుసల రోడ్డు మీద పంట పరిస్తే పోలీసులు వద్దంటారు. ఆ వేగాలకు అది న్యాయమే, నేను కాదనను. అప్పటి మా ఊరి రోడ్డు మాత్రం బండ్లదీ, మినుములదీ కూడా.

సెల్వానికి ఈ మర్యాద ఎవరు చెప్పాలి? మొదటిరోజు మినుము పరుపు చూసి ఎవరి పంటో తొక్కకూడదనుకుని, పాపం, వ్యానును ఒక పక్క చక్రాలతో కాలవ అంచున పోనిచ్చాడు. రోడ్డు పక్కన కూర్చున్న ముసలమ్మలు పడీపడీ నవ్వారు. పైన తొక్కిపోవయ్యా అని అరిచి చెప్పారు. తొక్కమన్నారు కదా అని మరునాటి నుంచి తన వేగంతోనే తొక్కాడు. ఆ విసురుకు చెట్టు ఒక దిక్కు, గింజ ఒక దిక్కు ఎగిరిపోయాయి. నల్లరేగడి నెర్రెలో పడిన మినుపగింజను దేవుడు దిగివచ్చినా ఏరలేడు. వాడిది దుర్మార్గం కాదు. వాడి ఊళ్లో రోడ్డు మీద ఉండేది రోడ్డు ఒక్కటే.

మేము వెనకాల చేరేసరికి ముసలమ్మలు చీపుళ్లతో కాలవ ఊడుస్తున్నారు. అందులో మేరీ వాళ్లమ్మ కూడా ఉంది. ఊరి పొలాల్లో మినుము పీకినందుకు కూలిగా వచ్చిన కట్టలే ఆమె పంట, అవే అక్కడ పరుచుకుంది. గురువమ్మక్క నన్ను ఆపమంది. దిగింది, వెనకున్న ఆడవాళ్లనూ దింపింది. అందరూ కలిసి చెదిరిన చెట్లను లాగి మళ్లీ పరిచారు. ఇప్పుడు పో తంబీ, అడుగడుగుగా పో అంది. పోయాను. వెనక్కి రా అంది. వచ్చాను. వాళ్లు కట్టెలతో చెట్లను తిరగేశారు. మళ్లీ పోయాను. ఆపీసుకు చేరేసరికి మిగిలినవి తడి పుల్లలే. మరునాడూ ఇదే వరస. ఆ మరునాడూ ఇదే. మనల్ని కాదని వాడి బండెక్కినవాళ్ల పంటను మన కూలి పోగొట్టుకుని మనం నూర్చడమేమిటని అడిగేశాను.

ఆమె ఒళ్లోని చీరకుచ్చెళ్లకు అంటుకున్న పొట్టు దులుపుకుంటూ ఉంది.

"వాళ్ల ఆడపుళ్ళ ఆ బండెక్కింది, శరి. మినుములేమి సేసినాయి నీకు?"

ఆమె చేసేది చూస్తున్నది నేనొక్కణ్ణే కాదని తర్వాత తెలిసింది. రోడ్డు పక్కన కూర్చున్న ముసలమ్మలు ఆ బండెక్కిన ఆడవాళ్ల అత్తలు, అమ్మలు. ఇంట్లోంచి ఎవరు ఏ బండిలో పోవాలో చెప్పేది వాళ్లే. చట్రాల లెక్క కోడళ్లది, గింజ లెక్క వాళ్లది. ఏ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. వారం తిరిగి సోమవారం పొద్దున ఊరి బయట ఇంజను ఆపేసరికి మసక వెలుతురులో వరసగా టిఫిను క్యారియర్లు కనబడ్డాయి. అందరూ వచ్చారు. మేరీ అందరికంటే చివర నిలబడి ఉంది.

నా నోటి దగ్గర అప్పటికే నాలుగైదు మాటలు తయారుగా ఉన్నాయి. పూసల తెరలు ఏమయ్యాయని, పాటలు అయిపోయాయా అని. ఒక్కటి అనబోయాను. గురువమ్మక్క సీట్లో కొంచెం కదిలింది. ఆమె వెనక్కి తిరగలేదు. ఎవరు ఎక్కుతున్నారో చూడలేదు. రోజూ మెట్టు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి ఎక్కించే మనిషి, ఆరోజు ముందే ఎక్కి కూర్చుని, ముందున్న అద్దంలోంచి ఖాళీ రోడ్డును చూస్తూ ఉండిపోయింది. వాళ్లు తలలు వంచుకుని ఎక్కారు. ఎవరి పాత చోట్లలో వాళ్లు కూర్చున్నారు. వాళ్లు సర్దుకునే దాకా ఆగి, "పోదామా?" అంది. అంతే.

దారిలో కొంతదూరం పోయాక రోడ్డును చూస్తూనే, వెనక అందరికీ వినబడేటట్టు, మేరీ అన్నది నిజమే, రేపటి నుంచి ఇంకొంచెం ముందుగా తలుపు తడతాను అంది. తట్టింది కూడా. మా వ్యాను వేగం పెరగలేదు, ఆమె నిద్ర తగ్గింది. వెలుతురున్న చోటు మావాళ్లకూ దొరికింది. మేనేజరు మళ్లీ వ్యాను మాట ఎత్తలేదు. సెల్వాన్ని కొన్నాళ్లకు మా ఆపీసు మేస్త్రీలే కూర్చోబెట్టి మినుముకూ మిరపకూ తేడా చెప్పారు. తర్వాత వాడు మంచి డ్రైవరయ్యాడు, మావైపు పిల్లనే చేసుకున్నాడు.

ఆ సోమవారం సాయంత్రం అందరినీ దించాక ఆమెను అడిగాను. అంత ఏడిపించి పోయినవాళ్లను ఒక్క మాటైనా అనకుండా, కనీసం చూడకుండా ఎలా ఉండగలిగావని. ఆమె తమలపాకుకు సున్నం రాసుకుంటూ చెప్పింది.

"నిన్ను దాటుకోని పోయినోడు గేటు కాడ నీ పక్కనే వచ్చి నిలబడతాడు గదా. అప్పుడు వాని మొగం సూడగూడదు తంబీ. సూస్తే వాడు సిగ్గుపడతాడు. సిగ్గుపడినోడు రేపు ఇంకా తొక్కుతాడు."

ఆ వ్యాను ఆ దారిలో చాలా ఏళ్లు తిరిగింది. నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు, జుట్టు నెరిసింది. గురువమ్మక్క వయసు మీదపడి మానుకునేటప్పుడు ఆ ముందు సీటును మేరీకి అప్పగించింది. నిండుగా బతికి, ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకుని అలాగే పోయింది. పాడె రోడ్డు మీదికి వచ్చినప్పుడు ఎదురొచ్చిన బండ్లన్నీ ఓరకు ఆగాయి. ఇంజన్లు కట్టేసినవి కొన్నే. అప్పుడు కూడా నేను కొందరిని మనసులో తిట్టుకున్నాను.

నా కోపం తగ్గలేదు, తగ్గాలని కూడా నేను కోరుకోను. రోడ్డు మీద జరిగేదాన్ని చూసి కోపం రానివాడికి కళ్లు లేవని నా నమ్మకం. ఇప్పుడు నేను నడపడం లేదు. నా మనవరాలు కారు నడుపుతుంది, నేను పక్కన కూర్చుంటాను. పోయిన నెల విరుదునగర్‌లో సిగ్నల్‌కు ముందు ఒక పెద్దమనిషి మమ్మల్ని ఎడమవైపు నుంచి కోసుకుంటూ పోయాడు. అద్దం అద్దానికి తగలబోయి తప్పింది. ఎర్రలైటు పడింది. వాడి కారు మా పక్కనే, నా కిటికీ పక్కనే నిలబడింది. నా నోట్లో మద్రాసు మాట ఒకటి, గుంటూరు మాట ఒకటి, మదురైది మరీ మంచిది ఒకటి సిద్ధంగా ఉన్నాయి. మెడ దానంతట అదే తిరగబోయింది. పట్టి ఆపాను. ఎదుటి రోడ్డును చూస్తూ కూర్చున్నాను. అది ఎంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది.

"తాతా, ఆయన తప్పైందని చెయ్యెత్తి దండం పెడతాండాడు నీకు," అంది మనవరాలు.

"పెట్టనీ అమ్మా," అన్నాను. "నువ్వు ముందర చూసుకో."